ఆ చిన్న గోలీ గురించి

మా మెడికల్ షాపు రామ్‌నగర్‌లో ఉంది. రాత్రి పదిన్నరకి షట్టర్ దించుతాం. ఆఖరి గంటలో వచ్చేవాళ్లు ఎక్కువగా పిల్లల జ్వరం సిరప్ కోసమో, గ్యాస్ గోలీల కోసమో వస్తారు. మధ్యలో ఒకరిద్దరు మాత్రం మిగతావాళ్లంతా వెళ్లేదాకా పక్కన ఆగుతారు. కౌంటర్ ఖాళీ అయ్యాక గొంతు తగ్గించి అడుగుతారు, "అక్కా, నిద్ర గోలీ ఒక షీట్ ఇస్తారా?" అని. పేరు తెలిసినవాళ్లు పేరు చెబుతారు. తెలియనివాళ్లు జేబులోంచో పర్సులోంచో ఖాళీ షీట్ ముక్క తీసి చూపిస్తారు. ఎక్కువసార్లు ఆ ముక్క మీద కనిపించే పేరు ఆల్ప్రాజోలం.

చీటీ లేకపోతే నేను ఇవ్వను. ఎందుకివ్వనో అక్కడ నిలబెట్టి చెప్పడానికి కుదరదు, ఈలోపు ఇంకెవరో వస్తారు. "పక్క షాపులో ఇస్తారులే" అని కోపంగా వెళ్లిపోయేవాళ్లూ ఉన్నారు. వాళ్లని దొంగల్లా చూస్తున్నానని అనుకుంటారేమో అని నాకు బాధగా ఉంటుంది. నిద్ర లేని మనిషి మొహం ఎలా ఉంటుందో ఫార్మసిస్టుగా రోజూ చూస్తున్నదాన్ని. అందుకే కౌంటర్ దగ్గర చెప్పలేనిదంతా ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

ఆల్ప్రాజోలం అసలు నిద్ర కోసం తయారైన మందు కాదు. ఆందోళనకి, ఉన్నట్టుండి గుండె దడదడలాడి ఊపిరాడనట్టు వచ్చే పానిక్ అటాక్‌లకి వాడేది. అమెరికాలో అప్‌జాన్ అనే కంపెనీ దీన్ని తయారుచేసింది, 1981లో అక్కడ అమ్మకానికి అనుమతి వచ్చింది. ఇది బెంజోడయాజెపిన్ అనే కుటుంబంలోది. ఆ కుటుంబంలో మొదటిది లిబ్రియం, 1960లో వచ్చింది. 1963లో వాలియం వచ్చింది. రెండింటి వెనకా ఉన్నది లియో స్టెర్న్‌బాక్ అనే రసాయన శాస్త్రవేత్త. అంతకుముందు నిద్రకి బార్బిచురేట్లు ఇచ్చేవాళ్లు. వాటి మోతాదు కొంచెం ఎక్కువైనా ఊపిరికే ప్రమాదం. వాటి పక్కన పెట్టి చూస్తే ఈ కొత్త మందులు ఎంతో నయం అనిపించాయి, డాక్టర్లు ధైర్యంగా రాయడం మొదలుపెట్టారు. ఇవి ఎంత గట్టిగా అలవాటవుతాయో అందరికీ అర్థమయ్యేసరికి చాలా ఏళ్లు పట్టింది.

మన మెదడులో గాబా అనే రసాయనం ఒకటుంది. నరాల హడావిడిని తగ్గించడం దాని పని. ఆల్ప్రాజోలం కొత్తగా ఏమీ చేయదు, ఆ గాబా చేసే పనినే బాగా పెంచుతుంది. మనసులో టెన్షన్ తగ్గుతుంది, కండరాలు వదులవుతాయి, కళ్లు మూతపడతాయి. మందు వేసుకున్న గంట, రెండు గంటల్లో రక్తంలో అత్యధిక స్థాయికి చేరుతుంది. అందులో సగం ఒంట్లోంచి పోవడానికి మామూలు మనిషికి సుమారు 11 గంటలు పడుతుంది. వయసు మళ్లినవాళ్లకి 16 గంటల దాకా పడుతుంది. అంటే రాత్రి పదింటికి వేసుకున్న మందులో సగం పొద్దున తొమ్మిదింటికి ఇంకా ఒంట్లోనే ఉంటుంది. ఆ టైముకి ఆ మనిషి బండి మీద నారాయణగూడ ఫ్లైఓవర్ ఎక్కి ఉంటాడు. నాకు భయం వేసేది అక్కడే.

నిద్ర కోసమే అని చెప్పి ఇచ్చే మందు జోల్పిడెం. ఫ్రాన్సులో తయారైంది, 1992లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇది త్వరగా పనిచేసి త్వరగా పోతుంది, సగం పోవడానికి రెండున్నర గంటలు చాలు. అందుకని ఇది మంచిదే కదా అంటారు. అయినా 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆడవాళ్లకి దీని మోతాదుని 10 మిల్లీగ్రాముల నుంచి 5కి తగ్గించమంది. ఆడవాళ్ల ఒంట్లోంచి ఈ మందు నెమ్మదిగా పోతుంది, పొద్దున లేచాక కూడా కారు నడపలేనంత మందు రక్తంలో మిగులుతోందని తేలింది. 2019లో ఇంకో గట్టి హెచ్చరిక చేర్చారు. ఈ మందు వేసుకున్న కొందరు నిద్రలోనే లేచి నడవడం, వంట చేయడం, బండి నడపడం లాంటివి చేసి గాయాలపాలయ్యారు, కొందరు చనిపోయారు కూడా. పొద్దున లేస్తే వాళ్లకి ఏమీ గుర్తుండదు. మా దగ్గరికి ఆ చీటీ తెచ్చే ప్రతి ఒక్కరికీ నేను తప్పకుండా చెప్పే మాటలు ఇవి. మంచం మీద కూర్చున్నాకే వేసుకోండి. భోజనం అవగానే వేసుకోకండి, కడుపు నిండా తిన్నాక వేస్తే ఆలస్యంగా పనిచేస్తుంది. ఏడెనిమిది గంటలు పడుకునే టైము లేకపోతే ఆ రాత్రికి వద్దు. మద్యం తాగిన రోజు అసలే వద్దు.

ఇక చీటీ సంగతి. ఈ రెండు మందుల షీట్ల మీదా ఎర్ర అక్షరాలతో ఎన్ఆర్ఎక్స్ (NRx) అని ఉంటుంది, చూడండి. మత్తు పదార్థాల మీద 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి ఇవి వస్తాయని దానర్థం. ఇవి కాక 2013లో ప్రభుత్వం షెడ్యూల్ హెచ్1 అని ఒక జాబితా తెచ్చింది, 2014 మార్చి నుంచి అమల్లో ఉంది. అందులో టీబీ మందులు, పెద్ద యాంటీబయాటిక్‌లతో పాటు ఆల్ప్రాజోలం, డయాజెపామ్ (పైన చెప్పిన వాలియం ఇదే), అదే కుటుంబంలోని నైట్రాజెపామ్, జోల్పిడెం ఉన్నాయి. వీటిలో ఏది అమ్మినా విడిగా ఒక రిజిస్టర్‌లో రాయాలి. రాసిచ్చిన డాక్టర్ పేరు, చిరునామా, పేషెంట్ పేరు, మందు, ఎన్ని ఇచ్చామో అన్నీ. ఆ రిజిస్టర్ మూడేళ్లు దాచాలి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఎప్పుడొచ్చి అడిగినా చూపించాలి. చీటీ మీద మా షాపు ముద్ర, తేదీ వేయాలి. మళ్లీ ఇవ్వొచ్చని డాక్టర్ రాస్తే తప్ప, ఒకసారి మందు ఇచ్చేసిన చీటీ మీద రెండోసారి ఇవ్వకూడదు. ఈ ఆఖరిది చాలామందికి తెలియదు. పోయినేడాది చీటీకి లామినేషన్ చేయించి మరీ తెస్తారు.

ఆ ముద్ర కేవలం లెక్క కోసం వేసే ముద్ర అని నేను ఎప్పుడూ అనుకోలేదు. చీటీ పాతబడితే మనిషి మళ్లీ డాక్టర్ ముందు కూర్చోవాలి. డాక్టర్ మళ్లీ ఒకసారి అడుగుతాడు, ఇంకా కావాలా, తగ్గిద్దామా అని. ఆ ప్రశ్న అడిగేవాళ్లు లేకుండా ఏళ్లకేళ్లు నడిచిపోయిన మనుషుల్ని చూశాను. బాగ్‌లింగంపల్లి పెద్దమ్మ గురించి ఇక్కడ చెప్పాలి. నేను రాస్తానని ఆవిడకి తెలుసు, రాయమనే అంది.

భర్త పోయినప్పుడు ఆవిడకి అరవై దాటాయి. కర్మకాండలయ్యాక ఇల్లు ఖాళీ అయింది, కొడుకు విదేశం వెళ్లిపోయాడు. రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు. ఒక డాక్టర్ 0.5 మిల్లీగ్రాముల ఆల్ప్రాజోలం రాశాడు, కొద్ది రోజులకే. అది తప్పు కాదు. అంత దుఃఖంలో ఉన్న మనిషికి కొన్నాళ్లు నిద్ర ఇవ్వడం వైద్యమే. కానీ ఆ కొద్ది రోజులూ అయ్యాక ఎవరూ ఆపమనలేదు. ఆవిడ ఆ చీటీతోనే ఒక్కో నెల ఒక్కో షాపులో కొనుక్కుంది. ఏళ్లు గడిచాయి. బీపీ గోలీ, షుగర్ గోలీ, పక్కన ఇది. ఇంట్లో ఎవరికీ అది వేరే రకం మందని తెలియదు, ఆవిడకీ తెలియదు.

ఒకసారి తమ్ముడి మనవరాలి పెళ్లికని కరీంనగర్ వైపు ఊరెళ్లింది. డబ్బాలో గోలీలు అయిపోయాయి. పెళ్లింట్లో నిద్ర గోలీ కావాలని అడగడానికి మొహమాటం. రెండు రాత్రులు పడుకోలేదు. ఆ తర్వాత చేతులు వణకడం, ఒళ్లంతా చెమటలు, గుండె దడ మొదలయ్యాయి. గోడ మీద పురుగులు పాకుతున్నాయని భయపడింది. ఇంట్లోవాళ్లు పక్షవాతమేమో అనుకున్నారు, కొందరు గాలి సోకిందన్నారు. హైదరాబాద్ తీసుకొస్తుంటే కారులో ఫిట్స్ వచ్చాయి. ఆస్పత్రిలో డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, ఏమేం మందులు వాడుతుంది అని. బీపీది, షుగరుది చెప్పారు. మూడోదాని పేరు ఎవరి నోటా రాలేదు. కోడలు ఫోన్లో కనుక్కుని, పాత షీట్ ముక్క వెతికించి ఫోటో పంపిస్తే అప్పుడు అర్థమైంది.

"నాకు పిచ్చి లేచిందనుకున్న బిడ్డా," అంది తర్వాత నా దగ్గర కూర్చుని. పిచ్చి కాదు. రోజూ బయటి నుంచి మందు వచ్చి గాబా పనిని పెంచుతుంటే, మెదడు దానికి తగ్గట్టు తన సొంత ఏర్పాటు తగ్గించుకుంటుంది. ఉన్నట్టుండి మందు ఆగిపోతే మెదడులో హడావిడిని ఆపేది ఏదీ మిగలదు. వణుకు, చెమట, లేనివి కనిపించడం, ఫిట్స్ వరకూ వెళ్తుంది. ప్రాణం మీదికి కూడా రావచ్చు. 2020లో ఎఫ్‌డీఏ ఈ కుటుంబంలోని మందులన్నిటి మీదా ఇదే హెచ్చరికని మందు కాగితంలో చుట్టూ గీత గీసి ముద్రించమంది. డాక్టర్ చెప్పినట్టే వాడినా ఒళ్లు అలవాటు పడుతుంది, హఠాత్తుగా ఆపితే ప్రాణాపాయం అని.

ఈ మందులు చీటీ లేకుండా కొనకండి అనే మాట అందరూ చెబుతారు. చీటీ లేకుండా ఆపకండి అనే మాట చెప్పేవాళ్లు తక్కువ. నాకు రెండోదే ఎక్కువ ముఖ్యం. ఇది చదివి, "అమ్మో, ఇంత ప్రమాదమా" అని ఇంట్లో అమ్మ డబ్బాలోంచి ఆ షీట్ తీసి చెత్తబుట్టలో వేయకండి. దయచేసి.

ఇంగ్లండులో న్యూకాసిల్‌లో హెదర్ ఆష్టన్ అనే డాక్టరమ్మ ఉండేది. 1982 నుంచి 1994 దాకా ఆవిడ ఈ మందులు మాన్పించడానికే ఒక క్లినిక్ నడిపింది. వందలమందిని దగ్గరుండి చూసి ఆవిడ నేర్చుకున్నది, మెల్లగా తగ్గించాలని, ఎంత మెల్లగా అనేది మనిషిని బట్టి ఉండాలని. ఆవిడ తర్వాత వచ్చిన డాక్టర్ల మార్గదర్శకాలు కూడా ఆ దారిలోనే ఉన్నాయి. కొన్ని వారాలకి ఒకసారి కొద్దిగా తగ్గించి, ఇబ్బంది వస్తే అక్కడే ఆగి, కుదుటపడ్డాక మళ్లీ తగ్గించడం.

మా పెద్దమ్మకీ అలాగే చేశారు. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లడానికి మొదట ఒప్పుకోలేదు. "ఎర్రగడ్డకి పంపుతరా నన్ను?" అని ఏడ్చింది. హైదరాబాద్‌లో ఆ ఊరి పేరుకి పట్టిన గతి అది. అక్కడున్నది మంచి ప్రభుత్వ మానసిక ఆస్పత్రి, మనుషులు బాగై ఇళ్లకి వెళ్తున్న చోటు, కానీ పేరు వినగానే భయపడతారు. ఆవిడ వేరే క్లినిక్‌కే వెళ్లింది. డాక్టర్ ముందు ఆగిపోయిన మందు మళ్లీ మొదలుపెట్టాడు. తర్వాత 0.5 నుంచి తగ్గించుకుంటూ 0.25కి, అక్కడి నుంచి ఇంకా కిందికి. చీటీ మీద ఏ తేదీ నుంచి ఎంతో రాసిచ్చేవాడు. నేను షీట్ మొత్తం ఇచ్చేదాన్ని కాదు, వచ్చే విజిట్ దాకా సరిపోయేన్ని కత్తిరించి ఇచ్చేదాన్ని. మధ్యలో ఒక మెట్టు దగ్గర నిద్ర చెడింది, చిరాకు పెరిగింది, డాక్టర్ అక్కడే కొంతకాలం ఆపాడు. నెలల మీద నెలలు పట్టింది. చివరికి వచ్చేసరికి ఆవిడ చెప్పింది నాకు బాగా గుర్తుంది. సీరియల్‌లో ముందు రోజు కథ గుర్తుంటోందట. మతిమరుపు వయసు వల్లే అని అప్పటిదాకా అందరం అనుకున్నాం. అందులో గోలీ వాటా కూడా ఉంది.

పెద్దవాళ్ల విషయంలో ఇంకొకటి. రాత్రి బాత్రూమ్‌కి లేచినప్పుడు ఈ మందు మత్తులో కాళ్లు తడబడి పడతారు. తుంటి ఎముక విరిగితే ఆ వయసులో మంచాన పడ్డట్టే. అమెరికాలో వృద్ధుల వైద్యులు తయారుచేసిన బీర్స్ జాబితాలో అరవై అయిదు దాటినవాళ్లకి ఈ కుటుంబం మందులూ, జోల్పిడెం లాంటివీ వీలైనంతవరకు వద్దని రాశారు. మా గల్లీల్లో పాత ఇళ్ల బాత్రూమ్‌లు ఒక మెట్టు కిందికి ఉంటాయి, తడిగా ఉంటాయి. ఆ మెట్టు తలుచుకుంటేనే నాకు గుబులు.

ఇప్పుడు కల్లు. ఇది వేరే విషయం అనుకుంటారు, కానీ ఇదే మందు. హైదరాబాద్‌లోనూ చుట్టుపక్కల జిల్లాల్లోనూ కల్లు కాంపౌండ్లలో అమ్మే కల్లులో చాలాచోట్ల చెట్టు నుంచి దిగింది కొంచెమే. మిగతాది నీళ్లు, తీపి కోసం శాకరిన్, మత్తు కోసం ఆల్ప్రాజోలమో డయాజెపామో క్లోరల్ హైడ్రేటో. ఈ క్లోరల్ హైడ్రేట్‌కి పెద్ద చరిత్ర ఉంది. 1832లో జర్మనీలో లీబిగ్ తయారుచేశాడు. 1869లో బెర్లిన్‌లో లీబ్రైక్ అనే ఆయన అది నిద్ర తెప్పిస్తుందని కనిపెట్టాడు. ప్రయోగశాలలో తయారై నిద్రకి మందుగా వాడిన మొదటి రసాయనం అదే. నూటయాభై ఏళ్ల కిందటి నిద్రమందు ఇవాళ మన ఊళ్లో కూలికి వెళ్లొచ్చిన మనిషి సీసాలో తేలుతోంది.

నేను షీట్ మీద 0.25 అని, 0.5 అని చూసి, రిజిస్టర్‌లో రాసి, కత్తిరించి ఇచ్చే మందుని అక్కడ పొడి రూపంలో డ్రమ్ములో పోసి కర్రతో కలుపుతారు. ఏ సీసాలోకి ఎంత వెళ్లిందో కలిపినవాడికీ తెలియదు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి ఎంతమంది ఆస్పత్రుల పాలయ్యారో, ఎవరెవరు చనిపోయారో పేపర్లలో చదివాం. వాంతులు, విరేచనాలు, పడిపోయిన బీపీ, దెబ్బతిన్న కిడ్నీలు. అంతా రెక్కాడితే గానీ డొక్కాడని మనుషులు.

దాడులు చేసి కాంపౌండ్లు మూయించాలి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ మూసిన మర్నాడు ఏం జరుగుతుందో కూడా ఆలోచించాలి. 2015లో కల్తీ కల్లు మీద గట్టిగా దాడులు జరిగినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో కల్లు దొరక్క మనుషులు వణుకుతూ, వింతగా ప్రవర్తిస్తూ, ఫిట్స్‌తో ఆస్పత్రులకి వచ్చారు. ఎర్రగడ్డకీ వచ్చారు. వాళ్లది తాగుబోతుతనం అని ఈసడించుకున్నవాళ్లున్నారు. మా పెద్దమ్మకి కారులో వచ్చిన ఫిట్స్, వాళ్లకి వచ్చిన ఫిట్స్ ఒకటే జబ్బు. ఆవిడకి డాక్టర్ దొరికాడు, మెట్లు మెట్లుగా తగ్గించే చీటీ దొరికింది. వాళ్లకీ దొరకాలి. కాంపౌండ్ మూసిన ప్రతి బస్తీలో ఆ వారమే ఒక డాక్టర్ కూర్చోవాలి అని నేను గట్టిగా నమ్ముతాను.

మా షాపుకి తిరిగొస్తాను. నిద్ర పట్టట్లేదని వచ్చినవాళ్లని నేను ముందు అడిగేది, ఇంకేం మందులు వాడుతున్నారు అని. సగం జవాబు అక్కడే దొరుకుతుంది. ఆయాసానికి ఇచ్చే థియోఫిలిన్ రకం గోలీలు నిద్ర చెడగొడతాయి. ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్ రాత్రి వేసుకుంటే తెల్లవార్లూ కళ్లు తెరిచే ఉంటాయి, అది పొద్దున టిఫిన్ తర్వాత వేసుకోవాల్సింది. నీళ్లు పోయేలా చేసే బీపీ గోలీ పడుకునేముందు వేసుకుంటే నాలుగుసార్లు లేవాలి. థైరాయిడ్ మోతాదు ఎక్కువైనా నిద్ర ఉండదు, గుండె కొట్టుకుంటుంది. ముక్కు దిబ్బడకి ఇచ్చే కొన్ని జలుబు గోలీల్లో నిద్ర పట్టనివ్వని మందు ఉంటుంది. వీటికి విరుగుడు నిద్రగోలీ కాదు. డాక్టర్‌ని అడిగి టైము మార్చుకుంటే చాలాసార్లు సరిపోతుంది.

ఇంకో సంగతి ప్రత్యేకంగా రాయాలి, ఎందుకంటే మన ఊళ్లో ఇది చాలా ఎక్కువ. తామరకి చర్మం డాక్టర్లు ఇట్రాకొనజోల్ అనే క్యాప్సూల్ వారాల తరబడి రాస్తున్నారు. ఆల్ప్రాజోలంని ఒంట్లోంచి పంపించే పని లివర్‌లో ఒక ఎంజైముది. ఇట్రాకొనజోల్ ఆ ఎంజైముని ఆపేస్తుంది. రెండూ కలిపి వేసుకుంటే చిన్న మోతాదే పెద్ద మోతాదులా పనిచేస్తుంది, మనిషి పగలంతా తూలుతూ ఉంటాడు. ఈ రెండూ కలిపి వాడకూడదని మందు కాగితంలోనే రాసి ఉంటుంది. కానీ చర్మం డాక్టర్‌కి నిద్రగోలీ గురించి ఎవరూ చెప్పరు, నిద్రగోలీ రాసినాయనకి తామర గురించి ఎవరూ చెప్పరు. రెండు చీటీలూ ఒకచోట కలిసేది మా కౌంటర్ మీదే. అందుకే అన్ని మందులూ ఒకే షాపులో కొనమని అడుగుతాను. ఇది బేరం కోసం చెప్పే మాట కాదు. ఏ షాపైనా సరే, ఒక్కటే ఉంటే చాలు.

గట్టిగా గురక పెట్టేవాళ్లు, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవాళ్లు ఈ మందుల జోలికి అసలు పోకూడదు. వాళ్ల గొంతు కండరాలు ఇంకా వదులై ఊపిరి మరింత ఆగుతుంది. వాళ్లకి కావాల్సింది స్లీప్ టెస్ట్. ట్రమడాల్ లాంటి నొప్పి గోలీలు, కోడీన్ ఉన్న దగ్గు సిరప్, మద్యం, వీటిలో ఏది ఈ గోలీతో కలిసినా ఊపిరికే ముప్పు.

యూఎస్ షిఫ్ట్ పిల్లలు, అంటే అమెరికా టైము ప్రకారం రాత్రంతా ఆఫీసులో పనిచేసేవాళ్లు, నాకు తమ్ముళ్లలాంటివాళ్లు. గచ్చిబౌలి నుంచి క్యాబ్ దిగేసరికి తెల్లారుతుంది. వీధిలో కూరగాయల బండి మైకు, పైన ఇంట్లో మిక్సీ, బోనాల నెలలో డప్పులు. వాళ్లు పడుకోవాల్సిన టైముకి ఊరు లేస్తుంది. "గోలీ లేకపోతే ఉద్యోగం పోతుంది అక్కా" అంటారు. వాళ్ల కష్టం నిజం. కానీ మందుతో వచ్చే నిద్రలో గాఢ నిద్ర భాగం తగ్గుతుందని, కొన్ని వారాలకే అదే మోతాదుకి నిద్ర రావడం తగ్గుతుందని వాళ్లకి చెబుతాను. అప్పుడు రెండో గోలీ అడుగుతారు, ఆపితే ముందుకన్నా ఘోరంగా మెలకువ వస్తుంది.

మందు లేని చికిత్స ఉంది, దానికి గట్టి ఆధారాలూ ఉన్నాయి. పేరు సీబీటీ-ఐ, అంటే నిద్ర చెడగొట్టే ఆలోచనల్ని, అలవాట్లని మార్చే చికిత్స. 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్, దీర్ఘకాలంగా నిద్ర లేనివాళ్లకి మొదట ఇవ్వాల్సిన చికిత్స ఇదేనని చెప్పింది. ఇందులో ఒక భాగం రిచర్డ్ బూట్‌జిన్ 1972లో చెప్పింది. నిద్ర వచ్చినప్పుడే మంచమెక్కాలి. కాసేపటికీ పట్టకపోతే లేచి వేరే గదిలోకి వెళ్లాలి, మళ్లీ కళ్లు మూతలు పడుతుంటేనే రావాలి. మంచం మీద ఫోన్, టీవీ, లెక్కలు, గొడవలు ఏవీ ఉండకూడదు. పడుకోవడం ఎప్పుడైనా లేవడం మాత్రం రోజూ ఒకే టైముకి. ఇంకో భాగం ఆర్థర్ స్పీల్‌మన్ 1987లో చెప్పింది. మంచం మీద గడిపే గంటల్ని నిజంగా నిద్రపోయే గంటలకి దగ్గరగా తగ్గించి, నిద్ర గట్టిపడ్డాక మెల్లగా పెంచడం. మొదటి వారాలు కష్టంగా ఉంటుంది. ఫిట్స్, బైపోలార్ అనే మానసిక జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ లేకుండా ఈ రెండోది చేయకూడదు. మిగతావాళ్లు కూడా తెలిసినవాళ్ల దగ్గర నేర్చుకుంటే మంచిది.

ఒకే గదిలో అయిదుగురు పడుకునే ఇళ్లు మా చుట్టూ ఉన్నాయి, వాళ్లకి వేరే గదిలోకి వెళ్లమంటే ఎక్కడికి వెళ్తారు? అలాంటివాళ్లకి వరండాలోనో మెట్ల మీదో కూర్చోమని చెబుతాను. చాయ్ సాయంత్రం నాలుగు లోపలే ఆపమంటాను. అది మాత్రం మా ఊరివాళ్లకి నిజంగా కష్టమైన పని. రాత్రి ఎనిమిదింటికి ఇరానీ చాయ్ తాగుతూ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో నిలబడటం చాలామందికి రోజు మొత్తంలో దొరికే ఒకే ఒక్క సుఖం. నేను అడుగుతూనే ఉంటాను.

టెన్షన్‌తో, దిగులుతో నిద్ర పోయినవాళ్లు 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, కేంద్ర ప్రభుత్వానిది, 2022లో మొదలైంది. డబ్బు తీసుకోరు, రాత్రి ఏ టైములోనైనా తెలుగులో మాట్లాడతారు. గోలీకో కల్లుకో అలవాటు పడి బయటపడాలనుకునేవాళ్లకి 14446 ఉంది.

దసరాకో సంక్రాంతికో ఊరెళ్లేముందు ఇంట్లో పెద్దవాళ్ల మందుల డబ్బా ఒకసారి తెరిచి చూడండి. ఎర్ర అక్షరాలున్న షీట్ ఏదైనా ఉంటే ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి, ఇంకో ఇద్దరికి పంపండి. ఎన్ని గోలీలు మిగిలాయో లెక్కపెట్టి, తిరిగొచ్చేదాకా సరిపోవనిపిస్తే వారం ముందే డాక్టర్ దగ్గరికి వెళ్లి కొత్త చీటీ రాయించుకోండి. ప్రయాణం రోజు రాత్రి పదింటికి వస్తే నేను ఏమీ చేయలేను.